నాలుగు మైక్రాన్లు

బాలానగర్‌లో వాన పడితే
రోడ్డు మీద ఏడు రంగుల నూనె తేలుతుంది.
ఆ రంగుల్ని తొక్కుకుంటూ వచ్చాడు గౌస్ పాషా,
గ్రీజు కాగితం చుట్టిన పళ్లచక్రం భుజాన మోస్తూ.
పురిటిబిడ్డను తెచ్చినట్టు కాదు,
రేషన్ బియ్యం తెచ్చినట్టు.

ఇరవై డిగ్రీల గదిలో, నల్లరాతి బల్ల మీద
రాత్రంతా దాన్ని పడుకోబెట్టాను.
ఒంట్లో వేడి దిగితేగానీ ఇనుము నిజం చెప్పదు.
పొద్దున కొలిచాను.
ఇరవై మూడో పన్ను. నాలుగు మైక్రాన్లు ఎక్కువ.
ఎర్రచీటీ రాసి దారంతో కట్టాను.

"నాలుగు మైక్రాన్లంటే ఎంతమ్మా?"
అడిగాడే గాని అతనికి తెలుసు.
గడ్డంలోంచి ఒక తెల్ల వెంట్రుక పీకి
నా మైక్రోమీటర్ దవడల మధ్య పెట్టాడు.
అరవై ఎనిమిది.
"దీన్ని పదిహేడు చీలికలు చెయ్. అండ్ల ఒక్కటి.
గంత దానికి నా నెల పని వాపస్ పంపుతవా?"

పంపాను.
ఛాయ్ తాగే పోయాడు. వెంట్రుక మర్చిపోయాడు.

అంతకుముందు పెట్టెలు ఓడల్లో వచ్చేవి,
విప్పరాదు అని నాలుగు వైపులా రాసి.
పాడైతే మళ్లీ ఓడెక్కేవి.
అవి తిరిగొచ్చేదాకా యుద్ధ ట్యాంకు
టార్పాలిన్ కింద, పెళ్లి ఆగిపోయిన ఇంటి పందిరిలా.
ఒక ఏడు ఉత్తరం ఒక్కటే వచ్చింది. ఇవ్వలేమని.
మర్యాదగా, మంచి కాగితం మీద.

అప్పుడు మొదలుపెట్టాం.
పదిహేను వందల గుర్రాల్ని
బీరువా అంత జాగాలో కట్టెయ్యాలి.
అవి ఒకదాన్నొకటి తన్నుకోకూడదు,
దాహమని అరవకూడదు,
ఇసుక మింగి కూడా పరుగెత్తాలి.

ఉట్నూరు పక్కనుంచి ట్యాంకు డ్రైవరొకడు వచ్చాడు, ఆత్రం జంగు.
సెలవు మీద ఇంటికి పోతూ,
మేం చేస్తున్నదేమిటో చూసి పోదామని.
పెద్ద సార్లు టార్క్ గురించి, మలుపుల గురించి చెప్పారు.
అంతా విని ఒక్కటే అడిగాడు:
"రివర్సుల ఎంత స్పీడు పోతది?"
అందరూ నవ్వారు.
జంగు నవ్వలేదు.
"ముందుకు పోవుడు అందరు అడుగుతరు సార్."

టెస్ట్ సెల్‌లో నాలుగు వందల గంటలు తిరగాలి.
రెండు వందల పదకొండో గంట,
తెల్లవారుజాము మూడూ పదికి
అన్నంలో రాయి తగిలినట్టు ఒక చప్పుడు.
అంతే. తర్వాత అంతా నూనె వాసన.

విప్పుతుంటే అందరి కళ్లూ గౌస్ పాషా చక్రం వైపే,
రేకుల షెడ్డులో పుట్టింది కదా.
అది తిరిగి చేసిన చక్రం,
చెక్కు చెదరకుండా కూర్చుని ఉంది.
విరిగింది దాని పక్కది.
పెద్ద కంపెనీది. ప్లాస్టిక్ కవరులో సర్టిఫికెట్‌తో వచ్చింది.
దానికి పచ్చచీటీ. చీటీ మీద నా సంతకం.

కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి.
ఉక్కు కడుపులో ఆవగింజంత చిట్టెం ఉంది.
లోపలికి చూసే పరీక్షకు నేను పంపలేదు.
ఆ కవరు చూసి పంపలేదు.

గౌస్ పాషాకి నేనే చెప్పాను.
విరిగిన పన్నును ట్యూబ్‌లైటుకి ఎత్తి చూశాడు
చాలాసేపు.
"లోపల ఏమున్నదో నీ సూదికి ఎట్ల ఎరుకైతదమ్మా" అన్నాడు.
మన్నింపో ఎత్తిపొడుపో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇవాళ మళ్లీ తిరుగుతోంది.
అద్దం ఇవతల నేను, లాగ్‌బుక్కు,
దాని మొదటి పేజీలో టేపు అతికించిన తెల్ల వెంట్రుక.
ఈసారి ప్రతి పన్నూ లోపలిదాకా చూశాను.
అయినా కాళ్లు చల్లగా ఉన్నాయి.
తలుపు బయట గౌస్ పాషా, పాస్ లేదు గనుక స్టూలు మీద.

"ఎంతైంది?"
"రెండు వందల పది, నలభై నిమిషాలు."
"ఛాయ్ చెప్పాల్నా?"
"ఇంకా వద్దు."